బ్యాంకు వేలంలో పాత మిద్దె: ఎవరిని ఏమి అడగాలి

ట్రెజరీలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. వచ్చిన బిల్లులో తప్పు వెతకడం, ఎర్ర సిరాతో అభ్యంతరం రాయడం, వెనక్కి పంపడం: ఇదే నా ఉద్యోగం. అలాంటి దాన్ని కూడా బ్యాంకు వేలం రెండుచోట్ల బోల్తా కొట్టించింది. 2022లో నెల్లూరు మూలాపేటలో, మూలస్థానేశ్వరస్వామి గుడికి రెండు వీధుల అవతల, ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు వేలానికి పెట్టిన పాత మిద్దె కొన్నాను. అప్పటినుంచి మా బంధువుల్లో ఎవరు పేపరులో వేలం ప్రకటన చూసినా ఫోను నాకే వస్తోంది. చెప్పిందే చెప్పి గొంతు పోతోంది కాబట్టి రాసిపెడుతున్నాను.

మామూలుగా ఇల్లు అమ్మేవాడికి ఆ ఇల్లు తెలుసు. అతను అబద్ధమాడినా ముఖం చూస్తే కొంత బయటపడుతుంది. బ్యాంకుకు ఇల్లు తెలియదు, దానికి తెలిసింది బాకీ ఒక్కటే. అందుకే ప్రకటన అడుగున ‘ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే, ఏమున్నా సరే’ అన్న షరతు రాస్తారు. కప్పు కారినా, వెనక గదిలో ఎవరైనా కాపురమున్నా, పన్ను బాకీ ఉన్నా కొన్నవారి నెత్తినే. కాబట్టి బ్యాంకును అడగవలసిన ప్రశ్నలు కొన్నే. మిగతావన్నీ ఆ ఇంటిని ఎరిగినవాళ్లను అడగాలి.

ఈ వేలాలు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద జరుగుతాయి. అప్పు ఎగవేసినవారికి అరవై రోజుల గడువుతో నోటీసు ఇచ్చి, ఆపైన ఇల్లు స్వాధీనం చేసుకుని, వేలం వేస్తారు. అమ్మకపు ప్రకటన రెండు పత్రికల్లో రావాలి, వాటిలో ఒకటి స్థానిక భాషది. ప్రకటనకూ వేలానికీ మధ్య ముప్పై రోజులు ఉండాలి. మొదటిసారి ఎవరూ పాడకపోతే రెండోసారికి పదిహేను రోజులు చాలు. ఇప్పుడైతే ప్రభుత్వ రంగ బ్యాంకుల ఆస్తులను బ్యాంక్‌నెట్ అనే పోర్టల్‌లో జిల్లాలవారీగా చూసుకోవచ్చు. రెండో వేలంలో రిజర్వు ధర, అంటే పాట మొదలయ్యే కనీస ధర, తగ్గిస్తే సంబరపడవద్దు. మొదటిసారి ఎందుకు ఎవరూ ముట్టుకోలేదో కనుక్కోండి. నా ఇంటికి మొదటి ధర 52 లక్షలు, ఒక్కరూ రాలేదు. రెండోసారి 46 లక్షలకు దించారు. కారణాలు రెండని తరవాత తెలిసింది: వెనక వాటాలో అద్దెకున్న వృద్ధ దంపతులు, పారాపెట్ గోడలో నడుం ఎత్తు పెరిగిన రావి మొక్క.

బ్యాంకును అడగవలసిన వాటిలో మొదటిది స్వాధీనం గురించి. ‘సింబాలిక్ పొజెషన్’ అని ఉంటే తలుపుకు నోటీసు అంటించారు, అంతే. లోపలివాళ్లు లోపలే ఉన్నారు. వాళ్లను ఖాళీ చేయించడానికి బ్యాంకు సెక్షన్ 14 కింద కలెక్టరు దగ్గరకో మేజిస్ట్రేటు దగ్గరకో వెళ్లాలి. చట్టంలో ముప్పై రోజులు, కారణం రాసి అరవై రోజులు అని ఉంది గానీ ఆ లెక్కన సామాను సర్దుకుంటే మోసపోతారు. ‘ఫిజికల్ పొజెషన్’ అని ఉంటే తాళంచెవి బ్యాంకు దగ్గర ఉంది. ఏ తలుపు తాళంచెవి అని కూడా అడగండి. నా విషయంలో తాళం వీధి తలుపుకు మాత్రమే వేసి ఉంది, దొడ్డివైపు వాటా సంగతి ప్రకటనలో లేదు.

రెండోది కేసు. బాకీదారు సెక్షన్ 17 కింద నలభై అయిదు రోజుల్లో రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. కేసు ఉందా, స్టే ఉందా అని నోటితో కాదు, ఉత్తరం రాసి అడగండి, జవాబు కూడా కాగితం మీదే తీసుకోండి. ట్రిబ్యునల్ వెబ్‌సైటులో బాకీదారు పేరుతో మీరూ వెతకండి. బాకీదారు చివరి నిమిషంలో డబ్బు కట్టి ఇల్లు విడిపించుకుంటాడేమో అన్న భయం మాత్రం ఇదివరకటంత లేదు. వేలం ప్రకటన వెలువడ్డాక ఆ హక్కు ఉండదని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది.

మూడోది, లింకు దస్తావేజుల (ఇల్లు ఇదివరకు చేతులు మారినప్పటి పాత దస్తావేజుల) అసలు ప్రతులు ఏ సంవత్సరం నుంచి బ్యాంకు దగ్గర ఉన్నాయో జాబితా అడగండి. నాలుగోది, పన్నులూ కరెంటూ నీళ్లూ ఎంత బాకీ. దీనికి ‘మాకు తెలిసినంతలో ఏమీ లేవు’ అని జవాబు వస్తుంది. తెలుసుకోలేదని దాని అర్థం.

ఇక బయట అడగాలి. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలూ తనఖాలూ చూపే ధ్రువపత్రం, ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. పాత ఇంటికి అది చాలదు. అంతకు ముందరిది సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టి తీయించుకోవాలి. అక్కడే 22ఏ నిషేధిత జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా, కూడా చూడాలి. గుళ్లూ మసీదులూ దగ్గరున్న పాత పేటల్లో దేవాదాయ, వక్ఫ్ భూములు ఇళ్ల మధ్యన కలిసిపోయి ఉంటాయి. బ్యాంకు అప్పు ఇచ్చినంత మాత్రాన ఆ జాబితాలో లేదని అనుకోకండి.

కొలతల దగ్గర నెల్లూరువాళ్లకు ఒక చిక్కుంది. మన పాత దస్తావేజుల్లో స్థలం అంకణాల్లో ఉంటుంది. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే ఎనిమిది గజాలు. తిరుపతివైపు అంకణం 36 అడుగులే. బయటి ఊరి వాల్యుయర్ ఒక దాన్ని ఇంకొకటి అనుకుంటే స్థలం సగమో రెట్టింపో అయిపోతుంది. నా ఇంటి పాత భాగపరిష్కార దస్తావేజులో 22 అంకణాలని ఉంది, బ్యాంకు ప్రకటనలో 176 గజాలని ఉంది. లెక్క సరిపోయిందని నా ట్రెజరీ బుర్ర తృప్తిపడింది. టేపు పట్టుకుని కొలిస్తే 168 గజాలే తేలింది. ఒక అంకణం పక్కింటి ప్రహరీ అవతల ఉంది, పక్కింటివారి నాన్నగారి కాలం నుంచీ ఉందట. దాన్ని వదులుకునే ధర పెట్టుకుని పాడాను. మీరూ కాగితం మీది గజాలకు కాక టేపు చెప్పిన గజాలకు ధర కట్టండి. కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగంలో రోడ్డు వెడల్పు గీత ఎక్కడివరకు వస్తుందో కూడా అడగండి. పాత వీధుల్లో అరుగు మొత్తం ఆ గీతలో పోవచ్చు.

ఇంటిని చూడటానికి బ్యాంకు ఒక రోజు ఇస్తుంది. ఆ రోజు ఇంజినీరును కాదు, సున్నం పని తెలిసిన మేస్త్రిని తీసుకెళ్లండి. మా తమ్ముడు బెంగళూరులో ఇంజినీరు, వీడియోలో చూసి “అక్కా, కూలగొట్టి స్లాబు వేసుకో” అన్నాడు. నా వెంట వచ్చిన కోవూరు మేస్త్రికి డెబ్భై దాటాయి. ఆయన కప్పు చూడకుండా ముందు వీధిలో నిలబడి తూములు ఎటున్నాయో చూశాడు. తరవాత ఆ తూముల కిందున్న గోడ దగ్గరికి వెళ్లాడు.

ఎందుకో చెప్పాలంటే ఈ మిద్దె ఎలా కడతారో చెప్పాలి. మన వైపు పాత మిద్దెల్లో చాలావరకు మద్రాసు పద్ధతివే. గోడ నుంచి గోడకు టేకు దూలాలు వేస్తారు. వాటి మీద పలచటి ఇటుకలను ఐమూలగా, అంచు మీద నిలబెట్టి సున్నంతో పేరుస్తారు. ఆ పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పోసి రోజుల తరబడి కొయ్య దిమ్మిసలతో బాదుతారు. అన్నిటికన్నా పైన చదును పెంకులు పరుస్తారు. మందంగా ఉంటుంది కాబట్టి రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు కూడా గది ఉడికిపోదు. ఇంతటి కప్పుకు ప్రాణం దూలం చివరల్లో ఉంటుంది. గోడలో దిగిన ఆ జానెడు ముక్కకు గాలి తగలదు. తూములో వేపాకు అడ్డుపడితే నీళ్లు పైన నిలుస్తాయి, గోడలోకి దిగుతాయి, దూలం చివర నానుతుంది, చెదలు అక్కడ మొదలవుతాయి. గది మధ్యలో నిలబడి తల ఎత్తి చూస్తే దూలం నున్నగా, నల్లగా, నిక్షేపంగా కనిపిస్తుంది.

కాబట్టి నిచ్చెన వేయించి ప్రతి దూలాన్నీ గోడ దగ్గర చూడండి. సుత్తి కర్రతో తట్టితే గట్టిగా మోగాలి, డప్పులా బోలుగా వినిపిస్తే లోపల లేదు. స్క్రూడ్రైవరు గుచ్చి చూడండి, అరంగుళం దిగితే ఆ చివర పోయినట్టే. దూలం కింద ఒక చివరి నుంచి ఇంకో చివరికి నూలుతాడు బిగించి పట్టుకుంటే ఎంత వంగిందో తెలుస్తుంది. నా ఇంట్లో పదకొండు దూలాలు. మూడు పడమటి గోడ దగ్గర చివికాయి, ఒకటి మొత్తం మార్చవలసి వచ్చింది. మేస్త్రి కిందికి దిగి చేతులు దులుపుకుని, “ఇల్లు బతికే ఉందమ్మా, కాళ్లు నొస్తున్నాయి” అన్నాడు. ఆయన మాట మీదే వేలానికి వెళ్లాను.

మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. వేలం జులైలో వస్తే ఆ వానలో ఇంటిని చూసే వీలుండదు, కాబట్టి పాత వానల ఆనవాళ్లు చదవండి. కప్పులో గోధుమరంగు వలయాలు, గోడ మీద అడ్డంగా చెమ్మ గీత, కింది సున్నం పొడిగా రాలడం. ఇరుగుపొరుగును ఒకే ప్రశ్న అడగండి: 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు ఈ వీధి ఎలా ఉంది? పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయిన ఆ వరదను ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. ఇల్లు బాగుందా అని అడిగితే మొహమాటపడేవారు కూడా నీళ్లు ఎంతవరకు వచ్చాయంటే చేత్తో చూపిస్తారు.

అందరికన్నా ఎక్కువ చెప్పింది వెనక వాటాలోని పెద్దావిడ. పందొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో ఉంది. ఏ మూలన బిందె పెట్టాలో, ఏ తలుపు వానకు బిగుసుకుంటుందో, బావి ఏ నెలలో అడుగంటుతుందో అన్నీ చెప్పింది. కొన్న తరవాత పంపించివేయవలసిన మనిషి దగ్గర కూర్చుని కాఫీ తాగుతూ ఇవన్నీ రాసుకోవడం నాకు ఇబ్బందిగానే ఉంది. ఆమెకు ఆ మాట ముందే చెప్పాను. వాళ్లకు ఆరు నెలల గడువూ, సామాను తరలించే ఖర్చూ, చేతికి నలభై వేలూ ఇచ్చి కాగితం రాసుకున్నాం. కోర్టుకు వెళితే అంతకు రెట్టింపు వకీలుకు పోయేది.

వేలం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నాకు వేలానికి ముందు రిజర్వు ధరలో పది శాతం, 4 లక్షల 60 వేలు, డిపాజిట్ కట్టించుకున్నారు. కంప్యూటర్ ముందు మా అక్క కొడుకు కూర్చున్నాడు. ముగింపు సమయంలో ఎవరైనా ధర పెంచితే గడువు ఇంకొన్ని నిమిషాలు పెరుగుతుంది, అక్కడే రక్తపోటు పెరిగేది. “పిన్నీ, ఇంకో యాభై వేలు వేయనా?” అని వాడు, “ఒక్కసారే” అని నేను, ఇలా అయిదుసార్లు. 48 లక్షల 50 వేల దగ్గర నాకు వచ్చింది. మీ చివరి అంకె ముందే కాగితం మీద రాసి మడతపెట్టి జేబులో ఉంచుకోండి. 50 లక్షలు, ఆపైన అయితే ఒక శాతం టీడీఎస్ (ధరలోంచి ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) మీరే మినహాయించి కట్టాలి, అదీ గుర్తుంచుకోండి.

అసలు ఒత్తిడి తరవాతే. అదే రోజు, లేదంటే మరుసటి పనిదినం లోపల మొత్తంలో 25 శాతం పూర్తి కావాలి. నాకది 12 లక్షల 12 వేల 500, డిపాజిట్ పోను ఒక్కరోజులో 7 లక్షల 52 వేల 500 కట్టాను. మిగిలిన 75 శాతానికి అమ్మకం ఖరారైన నాటి నుంచి పదిహేను రోజులు. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే మూడు నెలల దాకా పొడిగించవచ్చు, ఒప్పుకోక, మీరూ గడువులో కట్టలేకపోతే కట్టింది మొత్తం పోతుంది. దాన్ని తిరిగి ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో చెప్పింది కూడా. గృహరుణం వస్తుందిలే అన్న ధైర్యంతో పాడకండి. నేను కావలిలో ఉన్న స్థలం అమ్మి, డబ్బు ఖాతాలో పడ్డాకే పాడాను.

డబ్బంతా కట్టాక సేల్ సర్టిఫికెట్ ఇస్తారు. అదే మీ దస్తావేజు. రిజిస్ట్రేషన్ తప్పనిసరా కాదా అన్న చర్చ కోర్టుల్లో ఉంది గానీ, రేపు అమ్మాలన్నా అప్పు తీసుకోవాలన్నా ఈసీలో మీ పేరు కనబడాలి. నేను చేయించుకున్నాను. మన రాష్ట్రంలో అమ్మకానికి స్టాంపు, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం, ఆ డబ్బు విడిగా పెట్టుకోండి. ఆ సర్టిఫికెట్‌తోనే ఇంటి పన్ను పేరు మార్పుకు దరఖాస్తు పెట్టండి.

ఇక నేను బోల్తా పడ్డ మొదటి చోటు. మీటరు ఉంది, తీగలు ఉన్నాయి, ఫ్యూజు లేదు. కనెక్షన్ ఇమ్మని వెళితే పాత యజమాని పేరిట 23 వేల చిల్లర బాకీ చూపించారు. నా బాకీ కాదని ఎర్ర సిరా మనిషిలా వాదించాను, దాంతో మూడు వారాలు చీకట్లో గడిచాయి. చివరికి కట్టాను. పాత బాకీని కొత్త యజమాని నుంచి వసూలు చేసే నిబంధన విద్యుత్ సంస్థలు పెట్టుకోవచ్చని 2023 మేలో సుప్రీంకోర్టు అన్నాక వాదన పూర్తిగా మానేశాను. మీటరు మీది సర్వీసు నంబరు రాసుకుని వేలానికి ముందే బాకీ చూసుకోండి, అయిదు నిమిషాల పని.

మరమ్మతు కప్పుతో మొదలుపెట్టి నేలతో ముగించాలి. చాలామంది టైల్సు కొనడంతో మొదలుపెడతారు. సున్నపు కప్పు పని మన దగ్గర సంక్రాంతి దాటాకే. నేను సెప్టెంబరులో తాళంచెవి తీసుకున్నాను. ఆ డిసెంబరులో మాండూస్ తుపాను వచ్చినప్పుడు మిద్దె మీద టార్పాలిన్, దాని కింద నేను. ఊరికే కూర్చోకుండా కారిన ప్రతి చోటా పెన్సిలుతో చుట్టూ గీత గీసి తేదీ వేశాను. జనవరిలో పని మొదలైనప్పుడు మేస్త్రికి ఆ గీతలే పటం.

ముందు రావి మొక్క. ఎదురింటి పెద్దాయన రావిని నరకవద్దని పట్టుబట్టారు. పైన కొట్టేస్తే ఆరు నెలల్లో మళ్లీ వస్తుంది కాబట్టి మాకూ నరకడం ఇష్టం లేదు. గోడ రెండడుగులు విప్పి వేరుతో సహా తీసి పెన్నా గట్టున నాటించాం, ఆయనకూ మాకూ పేచీ తీరింది. తరవాత చివికిన దూలాల కింద జాకీలు నిలబెట్టి, పడమటి గోడ వెంట ఇనుప ఛానల్ వేసి చివరలను దాని మీద కూర్చోబెట్టారు. పూర్తిగా పోయిన దూలానికి బదులు పాత కలప అడితిలో అదే లావు టేకు దొరికింది. కొత్త కలప పెట్టవద్దన్నాడు మేస్త్రి, ఆరేకొద్దీ మెలితిరుగుతుందని. ఆపైన పాత పెంకులు లేపి, వదులైన సున్నం గీకి, గుల్ల సున్నంలో ఇటుక పొడి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపి మళ్లీ వేశారు. సున్నం నెల రోజులు తొట్టిలో నానింది. ఎండకు త్వరగా ఆరిపోకుండా తడి గోనెపట్టాలు కప్పి ఉంచాం. పైన సిమెంటు పూత వేసేస్తే రెండు రోజుల పని అని చెప్పినవారు ఉన్నారు. బరువు పెరుగుతుంది, దూలం కదిలినప్పుడు సిమెంటు కదలలేక పగులుతుంది, ఆ పగుల్లోంచి మళ్లీ వాన.

కప్పు దగ్గర అంత జాగ్రత్తపడి గోడ దగ్గర బోల్తా పడ్డాను. మేస్త్రి మనవరాలి పెళ్లికి వెళ్లిన పది రోజుల్లో ఒక కాంట్రాక్టరు మాట విని పడకగదికి సిమెంటు ప్లాస్టరింగు, పైన ప్లాస్టిక్ పెయింటు వేయించాను. అద్దంలా మెరిసింది. తరవాతి ఏడాది వానలకు అడుగు భాగం పొక్కులు వచ్చి, ఉప్పు తెల్లగా పేరి, పెచ్చులు ఊడింది. పాత గోడలు నేలలోంచి చెమ్మ పీలుస్తాయి, సున్నం ద్వారా దాన్ని బయటికి వదిలేస్తాయి. సిమెంటు ఆ దారి మూసేస్తుంది, చెమ్మ లోపల ఉండి ఇటుకను తింటుంది. మళ్లీ గీయించి, సున్నం మెత్తి, వెల్ల వేయించాను. రెండుసార్లు కూలి, ఒకసారి మేస్త్రి చూపు. ఆయన ఏమీ అనలేదు, అదే బాధ.

వైరింగు సంగతి ఆలోచించనక్కర్లేదు, చెక్క పట్టీ మీది పాత తీగలన్నీ పీకేసి కొత్తవి లాగించండి. ఎర్తింగు వేయించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) తప్పక పెట్టించండి. కడప బండలు వీలైనంతవరకు మార్చకండి, పాలిష్ పడితే కొత్తవాటికన్నా బాగుంటాయి. గోడ జరపాలన్నా అంతస్తు వేయాలన్నా ముందు కార్పొరేషన్ అనుమతి తీసుకోండి. మొత్తం మరమ్మతుకు పది లక్షలు అనుకున్నాను, పదిహేడు అయింది. అందులో సిమెంటు గది నా స్వయంకృతం.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చిన రాత్రి టార్చిలైటు పట్టుకుని గది గది తిరిగాను. మాండూస్ నాటి పెన్సిలు గీతలు పది, వాటిలో తొమ్మిది పొడిగా ఉన్నాయి. పదోది వంటింటి ఈశాన్య మూలన, పెద్దావిడ బిందె పెట్టమన్న చోటే. అక్కడ బిందె కాదుగానీ చెంబు పెడుతున్నాను. సంక్రాంతి తరవాత వస్తానని మేస్త్రి అన్నాడు, ఏ సంక్రాంతో చెప్పలేదు.